రెండు టక్కుల జాతి

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న ఆఫీసు ఉండేది. ఆఫీసే పెద్దదనీ, అడవి దాని కాంపౌండులో ఓ మూల ఉందనీ అక్కడ పనిచేసేవాళ్ల నమ్మకం.

ఆ ఆఫీసుకి తహసీల్దారు ఒక ఉడుము. పేరు పట్టాభి. ఫైలు చేతికొస్తే పట్టుకోవడమే గానీ వదలడం ఆయనకి తెలీదు. బంట్రోతు ఒక ఎండ్రకాయ, పేరు డెక్కన్న. పక్కకే తప్ప ముందుకి నడవలేడు కాబట్టి, అతని చేతికిచ్చిన ఏ కాగితమైనా పక్కకే పోయేది. ఇద్దరూ పొద్దస్తమానం పని ఎక్కువైపోయిందని వాపోతూ ఉండేవారు. ఆ వాపోవడంలోనే పని టైమంతా గడిచిపోయేది.

ఈ కథ మాత్రం చెట్టుకప్పలది. వాటి సంగతి చెప్పాలంటే ముందు కొండ సంగతి చెప్పాలి.

ఒకప్పుడు ఆ అడవిలో ఉన్నది ఒకటే కొండ. దాని మీద ఒకటే రకం చెట్టుకప్పలు. వేళ్ల చివర గుండ్రటి బిళ్లలతో ఆకుల్ని అంటిపెట్టుకుని, వాన పడగానే "టక్ టక్" అని అరుచుకుంటూ సుఖంగా బతికేవి. ఒక ఏడు ఆకాశం చిల్లుపడ్డట్టు వాన కురిసింది. ఒక వాగు దారి మార్చుకుని కొండని నిలువునా కోసేసింది. ఆ పూట ఎవరెక్కడ కూర్చుని ఉంటే అక్కడే ఉండిపోయారు. చెట్టుకప్పకి ఈత వచ్చు గానీ, ఆ వాగుతో పందెం వేసేంత రాదు.

ఇక తాతలు పోయారు, మునిమనవలు వచ్చారు, వాళ్ల మునిమనవలూ వచ్చారు. తూర్పు గట్టున దట్టమైన నీడ, ఎటు చూసినా నాచు. అక్కడ ఆకుపచ్చగా పుట్టినవాళ్లు పాము కంటబడలేదు. బూడిదరంగులో పుట్టినవాళ్లు పాము కంటబడ్డారు, తర్వాత ఎవరి కంటా పడలేదు. పడమటి గట్టున అన్నీ బోడి రాళ్లు. అక్కడ బూడిదరంగు వాళ్లు బతికారు, పచ్చవాళ్లు పోయారు. పైగా పడమటి వైపు జలపాతం ఒకటి ఎప్పుడూ హోరుమంటూ ఉండేది. "టక్ టక్" అంటే ఆ హోరులో ఎవరికీ వినబడేది కాదు. ఎవడో ఒకడు పుట్టుకతోనే మూడో టక్కు కూడా అన్నాడు. వాడికి పెళ్లయింది. వాడి కొడుకులూ మూడు అన్నారు, వాళ్లకీ పెళ్లిళ్లయ్యాయి. రెండు టక్కులవాళ్లు బ్రహ్మచారులుగా మిగిలి, కాలం చేశారు.

ఇలా తూర్పున రెండు టక్కుల పచ్చకప్పలు, పడమట మూడు టక్కుల బూడిదకప్పలు తయారయ్యాయి. దీనికెవరూ తీర్మానం చెయ్యలేదు, ఎవరూ ఓటు వెయ్యలేదు. కొండా, వాగూ, హోరూ, పామూ కలిసి చేసిన పని ఇది. పాపం వాటికి జీతాలు కూడా లేవు.

వాగు కిందికి దిగాక నెమ్మదించి ఒక మడుగు కట్టేది. అడవిలో ఎండాకాలం దాకా ఇంకిపోని నీళ్లు అవొక్కటే. రెండు గట్ల చెట్ల కొమ్మలూ తరాల తరబడి పెరిగి, చివరికి దాని మీదికి వాలి కలిసిపోయి ఉండేవి. వానాకాలంలో ఆడకప్పలు అక్కడికొచ్చి, వెనక కాళ్లతో గుడ్డుసొన గిలక్కొట్టినట్టు నురగ గిలక్కొట్టి, ఆ నురగలో గుడ్లు పెట్టి కొమ్మకి వేలాడదీసేవి. నాలుగైదు రోజులకి తోకకప్ప పిల్లలు నురగలోంచి టపటపా మడుగులోకి రాలిపడేవి. ఏ గట్టువాళ్లు ఏ కొమ్మకి కట్టినా అడిగేవాడు లేడు.

అడగడానికి గొంతేశ్వరరావు పుట్టాడు.

ఆయన తూర్పు గట్టు చెట్టుకప్పల సంఘానికి అధ్యక్షుడు. కప్ప ఇంతే గానీ గొంతు ఊదితే అంత. పోయిన వానాకాలం మూడు వారాలు విడవకుండా అరిచినా, ఒక్క ఆడకప్ప ఆయన వైపు తిరిగి చూడలేదు. తూర్పు గట్టు ఆడపిల్లలు నలుగురైదుగురు కొమ్మల మీదుగా వెళ్లి, మూడు టక్కులవాళ్లని ఎంచుకున్నారు. ఇది తన సొంత బాధ అని ఒప్పుకుంటే మామూలు కప్ప అయిపోతాడు. అందుకని ఇది జాతి మొత్తం బాధ అని తేల్చుకున్నాడు.

మీటింగు పెట్టాడు. కప్పల మీటింగు అంటే మీకు తెలుసు, ఒకరు కూర్చునేలోపు ఇద్దరు గెంతుతారు. ఆ గెంతుల మధ్యే ఉపన్యాసం దంచాడు.

"సోదరులారా! మనది రెండు టక్కుల జాతి. ఆ గట్టువాళ్లది మూడు టక్కుల జాతి. మన రంగు వేరు, మన మాట వేరు. మడుగు మనది. వాళ్ల నురగ మన మడుగు మీద ఎందుకు వేలాడాలి?"

"ఎందుకు వేలాడాలి?" అన్నారు సోదరులు. పోయిన ఏడు తిరిగి చూడబడని సోదరులు ఇంకా చాలామంది ఉన్నారు మరి.

మర్నాడే ఆఫీసుకి దరఖాస్తు వెళ్లింది. రెండు టక్కుల కప్పల్ని ప్రత్యేక జాతిగా నమోదు చేసి, మడుగు వాళ్లకే రాసివ్వాలని అందులో కోరారు. దరఖాస్తుతో పాటు ఓ ఆకు నిండా ఉసిళ్లు కూడా వెళ్లాయి. పట్టాభిగారు ఉసిళ్లు తింటూ దరఖాస్తు చదివి, విచారణ పూర్తయ్యేదాకా జాతి సర్టిఫికెట్ లేనివాళ్లెవరూ మడుగు మీద నురగ కట్టరాదని ఉత్తర్వు వేసేశారు. కడితే డెక్కన్న వచ్చి డెక్కలతో తెంపేస్తాడు. విచారణకి నాలుగో రోజు పెట్టారు.

ఆ ఉత్తర్వు వచ్చిన పూటకి నురగమణి కడుపులో గుడ్లు సిద్ధమవుతున్నాయి.

నురగమణిది తూర్పు గట్టు. ఆమె ఎంచుకున్న చినుకయ్యది పడమటి గట్టు. అతని మూడో టక్కు కొంచెం సాగుతుంది, అది ఆమెకి నచ్చింది. అంతకన్నా కారణం ఆమెని ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు. కడుపులో గుడ్లు మాత్రం నాలుగు రోజులకి మించి ఆగవు. మడుగు మీద కట్టకపోతే బండల మీద పెట్టాలి, బండల మీద పెడితే మధ్యాహ్నానికల్లా ఎండిపోతాయి. ఆమెకివి మొదటి గుడ్లు.

సర్టిఫికెట్టేదో తెచ్చుకుందామని ఆఫీసుకి వెళ్లింది. పట్టాభిగారు ఫారం తీశారు.

"పుట్టిన చోటు?"

"మడుగు మీదండీ. కొమ్మకి."

"కొమ్మ ఏ గట్టుది?"

"మొదలు తూర్పున ఉందండి. చివర పడమటి నీళ్ల మీద ఉంది. మా అమ్మ చివరన కట్టింది."

పట్టాభిగారు కలం ఆపారు. "అంటే గుడ్డుగా తూర్పు, తోకకప్పగా పడమరా?"

"మధ్యలో కాసేపు గాల్లో కూడా ఉన్నానండి, రాలేటప్పుడు."

"గాలికి కాలమ్ లేదు. సరే, తర్వాతది. ఎన్ని టక్కులు?"

"నేను అరవనండి. ఆడవాళ్లం అరవం, వింటాం అంతే."

"ఖాళీ వదలకూడదమ్మా."

"అయితే సున్నా వెయ్యండి."

"సున్నా టక్కుల జాతి జాబితాలో లేదు," అన్నారు పట్టాభిగారు, నిజంగానే ఇబ్బందిపడుతూ. అడవిలో సగం కప్పలకి జాతి లేదన్న సంగతి ఆయనకి అప్పుడే తట్టింది. తట్టగానే పక్కన పెట్టేశారు. "మీ ఆయన పేరు చెప్పు. ఆయన టక్కులు నీకు రాస్తాను."

"చినుకయ్యండి. మూడు."

"తిరస్కరించడమైనది," అని రాసి, ఫారం డెక్కన్న చేతికిచ్చారు. అది పక్కకి వెళ్లిపోయింది.

"అయ్యా, గుడ్లు ఆగవండి. విచారణ రోజు సాయంత్రం దాటవు."

"గుడ్లకి ఆఫీసు పద్ధతులు తెలియకపోతే నేనేం చేసేదమ్మా?" అన్నారు పట్టాభిగారు. ఆయన చెడ్డవారు కాదు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు, అదే మరీ దారుణం.

సంగతి విని చినుకయ్య గుండె నిబ్బరం చేసుకున్నాడు. "ఓస్, దీనికింత బెంగా? ఒక టక్కు తగ్గించుకుంటాను. విచారణలో రెండే అంటాను, సర్టిఫికెట్ ఇచ్చేస్తారు."

"అను చూద్దాం."

"టక్ టక్," అన్నాడు. నోరు బిగబట్టాడు. గొంతు బుడగలా ఉబ్బింది, కళ్లు పైకి తేలాయి. "...టక్."

"మళ్లీ అను."

పదకొండుసార్లు అన్నాడు. పదకొండుసార్లూ మూడోది తోసుకొచ్చింది. "ఇది నేను నేర్చుకున్నది కాదే. మా తాత లోపల పెట్టి పంపించాడు. ఎలా తియ్యను?" అని డీలాపడిపోయాడు. నురగమణికి నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. ముందు నవ్వింది.

ఆ అడవిలో దారమ్మ అనే సాలీడు ఉండేది. అందరి వంశాలూ ఆమె గూట్లో దారాలుగా ఉండేవి. ఎవరైనా పుడితే ఒక పోగు వేసేది, ఎవరు ఎవర్ని కట్టుకుంటే వాళ్ల పోగులు కలిపి ముడివేసేది. ఆమె తల్లి అదే పని చేసింది, తల్లి తల్లీ అదే చేసింది. నురగమణి వెళ్లి అడిగితే దారమ్మ ఎనిమిది కాళ్లతోనూ గూడంతా తడిమి చూసింది.

"ఇదిగో తూర్పు దారం, ఇదిగో పడమటి దారం. వెనక్కి వెళ్లు. ఇంకా వెనక్కి. ఇక్కడ, వాగు రాకముందు, రెండూ ఒకే ముడి. ఆ తర్వాత కూడా ఊరికే లేరమ్మా మీవాళ్లు. వరదొస్తే దుంగల మీద అటోళ్లు ఇటు, ఇటోళ్లు అటు కొట్టుకుపోయారు. ఈ అడ్డదారాలన్నీ అవే. రంగేమో ఎండా నీడా ఏరినది, టక్కేమో హోరు ఏరినది. లోపలి నూలు ఒకటే."

"పిన్నీ, విచారణకొచ్చి ఈ ముక్క చెప్తావా?"

"గూటితో సహా వస్తాను," అంది దారమ్మ.

నాలుగో రోజు ఆకాశం నల్లగా మూసుకుపోయింది. వాన పడితే చాలు, ఆడకప్పలన్నీ నురగ కడతాయి. ఆఫీసు ముందు రెండు గట్ల కప్పలూ గుమిగూడాయి. నురగమణి నిలబడలేక ఒక రాయికి ఆనుకుంది. చినుకయ్య ఆమె పక్కనే కూర్చుని ఆకాశం వైపు, ఆఫీసు వైపు మార్చిమార్చి చూస్తున్నాడు.

గొంతేశ్వరరావు గంటసేపు వాదించాడు. తర్వాత దారమ్మ రెండు పుల్లల మధ్య గూడు సాగదీసి చూపించింది. పట్టాభిగారు దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూశారు.

"దీని మీద అధికారి సంతకం ఏదీ?"

"గూటి మీద సంతకం ఏంటి బాబూ?"

"సంతకం లేనిది సాక్ష్యం కాదు. పక్కన పెట్టు, డెక్కన్నా."

నురగమణి రాయిని ఇంకా గట్టిగా పట్టుకుంది. గొంతేశ్వరరావు గొంతు ఇంకో అంగుళం ఉబ్బింది.

పట్టాభిగారు నిబంధనల పుస్తకం తెరిచారు. "కొత్త జాతిని నమోదు చెయ్యడానికి ఒక్క లాంఛనం మిగిలింది. ఆ జాతిలో అందరికన్నా స్వచ్ఛమైన కప్ప ఒకటి మూల నమూనాగా ఆఫీసులో ఉండాలి. రేపు ఎవరికైనా అనుమానమొస్తే ఆ నమూనాని చూసి పోల్చుకుంటారు. ఉండడం శాశ్వతంగా."

గొంతేశ్వరరావు చెవిన పడ్డవి రెండే మాటలు: ఆఫీసులో, శాశ్వతంగా.

"ఎక్కడ కూర్చోవాలండీ?"

"బీరువా పై అర. అందరికీ కనబడేలా."

"పేరు రాస్తారా?"

"పెద్ద అక్షరాలతో."

తూర్పు గట్టున ఇంకొందరు కూడా ముందుకి గెంతారు, మేమూ స్వచ్ఛమేనంటూ. అప్పుడు నురగమణి రాయి వదిలి లేచింది. ఆమెకి ఆ పుస్తకంలో రూళ్లు తెలియవు గానీ, పట్టాభిగారి పక్కన డెక్కన్న ఒక గట్టి బిరడా తుడుస్తూ ఉండడం కనబడింది. కప్ప పట్టే సీసాకి సరిపోయే బిరడా అది.

"అయ్యా, మా గట్టున మా గొంతేశ్వరరావు బాబాయిని మించిన స్వచ్ఛమైన కప్ప లేదండి. మీటింగులో ఆయనే చెప్పారు, అందరం విన్నాం. కావాలంటే రాయించుకోండి."

"శభాష్ అమ్మాయ్! ఇప్పుడు దారికొచ్చావు," అని గొంతేశ్వరరావు ఆమె వీపు తట్టాడు. ఏడు తరాలుగా తన వంశంలో ఒక్కరూ వాగు దాటలేదనీ, తన ఒంట్లో మూడో టక్కు చుక్కైనా లేదనీ వాంగ్మూలం ఇచ్చి, వేలి బిళ్లతో గట్టిగా ముద్ర వేశాడు.

పట్టాభిగారు ముద్ర మీద ఊది ఆరబెట్టారు. "డెక్కన్నా, సీసా పట్రా."

"సీసా ఎందుకండీ?" అన్నాడు గొంతేశ్వరరావు.

"నమూనాని సీసాలోనే కదయ్యా పెట్టేది. సారాలో ముంచి బిరడా బిగిస్తే నూరేళ్లైనా కుళ్లదు. పిక్నిక్‌కి వచ్చిన మనుషులు పారేసిన సీసా ఒకటుంది, అడుగున సరుకు కూడా మిగిలింది. నీ అదృష్టం."

గొంతేశ్వరరావు గొంతు చప్పున దిగిపోయింది. ఎవరో గాలి తీసేసినట్టు. డెక్కన్న పక్కకి పక్కకి నడుస్తూ సీసాని దొర్లించుకు రావడం మొదలెట్టాడు. తొందరేమీ లేదు అతనికి. సీసా రాళ్ల మీద గలగలమంటూ దగ్గరికొస్తోంది.

"అయ్యా, నేను... స్వచ్ఛమంటే... మరీ అంత స్వచ్ఛం కాదేమోనండీ."

"ముద్ర వేశావుగా."

"పొరపాటున వేశానండీ! దారమ్మ తల్లీ, నా దారం చూడమ్మా!"

"నాది సాక్ష్యం కాదన్నారుగా నాయనా," అంది దారమ్మ, గూడు చుట్టుకుంటూ.

"ఎవరన్నారు? నేననలేదు! నేనే సంతకం పెడతాను, ముద్ర వేస్తాను, ఏం కావాలంటే అది వేస్తాను!"

దారమ్మ జాలిపడి గూడు విప్పింది. ఆయన పోగు పట్టుకుని రెండు తరాలు వెనక్కి వెళ్లిందో లేదో, అడ్డదారం ఒకటి తగిలింది. "ఇదుగో, మీ నాయనమ్మ. పేరు బూడిదమ్మ. వరదలో టేకు దుంగెక్కి పడమటి నుంచి వచ్చింది. మీ తాత ఒక్కడే ఆమెని చూసి దడుచుకోలేదు."

"మా నాయనమ్మే! బూడిదమ్మే!" అని కేకపెట్టాడు గొంతేశ్వరరావు. జన్మలో మొదటిసారి ఆ పేరు ఆయన నోట్లోంచి ప్రేమగా వచ్చింది.

సీసా వచ్చి ఆయన కాళ్ల దగ్గర ఆగింది. డెక్కన్న బిరడా తీశాడు. ఆ వాసనకి గొంతేశ్వరరావు ప్రాణం ఎగిరిపోయి, ఒళ్లు మరిచి అరిచాడు.

"టక్ టక్ టక్!"

రెండు గట్లూ నోళ్లు తెరిచాయి. మూడోది స్పష్టంగా వచ్చింది, చివర కొంచెం సాగింది కూడా.

"మూడు," అన్నారు పట్టాభిగారు, కలం పట్టుకుని.

"మూడేనండీ! చిన్నప్పట్నించీ మూడే! రెండు దగ్గర బిగబట్టుకుంటున్నానండీ!"

పోయిన వానాకాలం మూడు వారాలు ఎవరూ ఎందుకు తిరిగి చూడలేదో అక్కడున్న ఆడకప్పలన్నిటికీ అప్పుడు అర్థమైంది. సగం మింగేసిన పాటకి ఎవరు పలుకుతారు?

పట్టాభిగారు మిగతావాళ్ల వైపు తిరిగారు. "ఇందాక ముందుకి గెంతారు కదా, మీలో స్వచ్ఛమైనవాళ్లెవరు?"

ఆ మాట నోట్లో ఉండగానే తొక్కిసలాట మొదలైంది. మా అమ్మమ్మ పడమటిదంటే మా అమ్మమ్మా పడమటిదేనని దారమ్మ గూటి మీద పడ్డారు. దారాలు వెతకనిచ్చే ఓపిక కూడా లేక, కొందరు అక్కడికక్కడే దుంగల పేర్లు చెప్పేశారు. ఆ పూటకి తూర్పు గట్టున పడమటి అమ్మమ్మ లేని కప్ప ఒక్కటీ మిగల్లేదు. పడమటివాళ్లు కూడా ముందు జాగ్రత్తగా తలా ఒక తూర్పు తాతని రాయించుకున్నారు.

ఖాళీ సీసా ముందు పెట్టుకుని పట్టాభిగారు చాలాసేపు ఆలోచించారు. చివరికి ఉత్తర్వు రాశారు: "మూల నమూనా దొరకనందున జాతి లేదు. జాతి లేనందున నిషేధమూ లేదు. ఫైలు మూసివేయడమైనది." ఆయన ఉద్యోగంలో ఒక ఫైలు వదలడం అదే మొదటిసారి. చేతికి వెలితిగా ఉందని సీసాని పట్టుకుని కూర్చున్నారు.

ఉత్తర్వు నకలు కోసం నురగమణి ఆగలేదు. మొదటి చినుకు ముక్కు మీద పడ్డ క్షణమే కొమ్మ ఎక్కేసింది. చినుకయ్య వెనకాలే ఎక్కాడు. వెనక కాళ్లతో నురగ గిలక్కొట్టింది. అది తెల్లగా పొంగి కొమ్మకి వేలాడింది. ఆఖరి గుడ్డు అందులో భద్రంగా చేరాక కళ్లు మూసుకుంది. అంత హాయి ఆమె ఎప్పుడూ ఎరగదు. చుట్టూ ఉన్న కొమ్మలన్నీ అప్పటికే నురగతో నిండిపోతున్నాయి.

అయిదో రోజుకి పిల్లలు మడుగులోకి రాలారు. వాళ్లు పెద్దయ్యాక కొందరు రెండు టక్కులన్నారు, కొందరు మూడన్నారు. ఒకడు మాత్రం రెండున్నర దగ్గర ఆగి ఆలోచిస్తాడట. వాడికి ఆఫీసులో ఉద్యోగం వస్తుందని అందరి అంచనా.

గొంతేశ్వరరావుకి ఆ ఏడే పెళ్లయింది. మూడో టక్కు బయటికొచ్చిన వారం తిరక్కుండానే అయింది. ఇప్పుడాయన అఖిల అడవి కలగలుపు కప్పల సంఘానికి అధ్యక్షుడు. తనంత కలగలిసిన కప్ప ఈ అడవిలో ఇంకోటి లేదని ప్రతి మీటింగులోనూ గొంతు ఊది చెబుతున్నాడు.

నీతి: వంశం ఎంత స్వచ్ఛమైనదైనా, ఖాళీ సీసా కనబడేదాకానే.